నెలనెలా వచ్చే శాంపిల్ పెట్టె: నా లెక్క

విజయవాడలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తాను. బిల్లు కంటపడితే ఒకసారి కూడి చూస్తే తప్ప నాకు తోచదు. అలాంటి నేను ముఖానికి రాసుకునే క్రీముల కోసం నెలనెలా చందా కట్టానంటే మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు. కొన్నాళ్లు వరసగా తెప్పించుకున్నాను. వచ్చిన ప్రతి ట్యూబునీ నోటు పుస్తకంలో ఎక్కించాను, వాడాను, మా ఇంట్లోవాళ్ల చేత వాడించాను, తర్వాత మానేశాను. చేరదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పుస్తకంలోని విషయాలు ఇవీ.

ఈ సరదా నాకు అంటించింది మా తోటికోడలు. న్యూజెర్సీలో ఉంటుంది. వచ్చినప్పుడల్లా సూట్‌కేసు అడుగు నుంచి చిన్న చిన్న జిప్పు పౌచులు తీసి ఇంట్లో ఆడపిల్లలందరికీ పంచేది. ఒక్కోదాంట్లో చిటికెన వేలంత మస్కారా, అంతకంటే చిన్న లిప్‌స్టిక్, రెండు మూడు క్రీము ట్యూబులు. "ఇవన్నీ కొన్నావా?" అని అడిగితే, "కొనడమేంటి అక్కా, నెల తిరిగేసరికి వచ్చి పడుతుంటాయి, వాడలేక పోతున్నా" అనేది. అవి ఇప్సీ అనే కంపెనీ పౌచులు. యూట్యూబ్‌లో మేకప్ వేసుకోవడం నేర్పి పేరు తెచ్చుకున్న మిషెల్ ఫాన్ మరికొందరితో కలిసి 2011లో మొదలుపెట్టిందది. దానికి ఏడాది ముందు, 2010లో, హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకున్న ఇద్దరమ్మాయిలు హేలీ బార్నా, కాట్యా బోషాంప్ న్యూయార్క్‌లో బర్చ్‌బాక్స్ పెట్టారు. అప్పట్లో నెలకు 10 డాలర్లు కడితే శాంపిళ్ల పెట్టె ఇంటికొచ్చేది, నచ్చినదాన్ని పెద్ద సైజులో వాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. పద్ధతి అంతే. అంతకుముందు షాపింగ్ మాల్ కౌంటర్లో ఊరికే చేతిలో పెట్టే శాంపిల్‌కి వీళ్లు ధర కట్టారు.

మన దేశంలోనూ ఆ గాలి తొందరగానే వీచింది. టీవీలో వ్యాపారాల షో షార్క్ ట్యాంక్ ఇండియాలో కనిపించే వినీతా సింగ్, ఆమె భర్త కౌశిక్ ముఖర్జీ 2012లో మొదలుపెట్టిన ఫ్యాబ్ బ్యాగ్ ఇలాంటిదే. ఆ చందాదారులకు ఏం నచ్చుతోంది, ఏం నచ్చడం లేదు అని ఏళ్ల తరబడి గమనించి, ఆ తర్వాతే వాళ్లు షుగర్ అనే సొంత బ్రాండ్ మేకప్ మీద పడ్డారు. ఈ సంగతి నాకు చందా కట్టక ముందే తెలుసు కాబట్టి, పెట్టెలో నాకొచ్చే సరుకెంతో, నా నుంచి వాళ్లకు పోయే సమాచారమూ అంతేనన్న ఎరుకతోనే చేరాను. నేను చేరింది పైన చెప్పినవాళ్లెవరి దగ్గరా కాదు, వేరే కంపెనీలో. పేరుతో పని లేదు.

చేరడం అంటే ముందు ప్రశ్నావళి. చర్మం జిడ్డా, పొడా, రెండూ కలిసినదా? విజయవాడలో మే నెలలో ఈ ప్రశ్న అడిగితే ఎవరైనా ఒకటే జవాబు చెబుతారు. అదే సంక్రాంతి నెలలో అడిగితే మోచేతులు చూసుకుని ఇంకోటి చెబుతారు. రంగు గడి దగ్గర ఇంకో తంటా. తెర మీద వరసగా గోధుమరంగు చుక్కలు, వాటిలో మనది ఎంచుకోవాలి. ట్యూబులైటు కింద ఒక చుక్క, వరండాలోకి వెళ్లి చూస్తే మరో చుక్క సరిపోతోంది. నేను మధ్యలోది నొక్కాను. జుట్టు రాలుతుందా, తలకు రంగు వేస్తారా, మేకప్ రోజూనా, పెళ్లిళ్లకేనా, ఏ రంగు లిప్‌స్టిక్ ఇష్టం, వయసెంత... చాలా అడిగారు. ఏ క్రీముకైనా ఎప్పుడైనా దద్దుర్లు వచ్చాయా, సెంటు వాసన పడదా అని మాత్రం అడగలేదు. ముఖానికి రాసుకునేవాటిని ముక్కూ ముఖం తెలియనివాళ్లకు పంపేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న అదే కదా అని అప్పుడే పుస్తకంలో రాసుకున్నాను.

తర్వాత డబ్బు. నెలకైతే ఆరువందల లోపు, మూడు నెలలకు ఒకేసారి కడితే కొంత తగ్గింపు, ఏడాదికి కడితే ఇంకా తగ్గింపు, పైగా ఒక బహుమతి. ఏడాది ధరే పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నెల ధరను కిందకి జరిగి వెతుక్కోవాలి. వెతికి నెలదే తీసుకున్నాను. ముందే మొత్తం కట్టేస్తే మధ్యలో మానేసే హక్కు మన చేతిలో ఉండదు, వాపసు కోసం వాళ్ల వెంట తిరగాలి. నెల పద్ధతిలో యూపీఐ ఆటోపే పెట్టమంటుంది. ఒకసారి పిన్ కొట్టి అనుమతిస్తే ప్రతి నెలా దానంతటదే కోత పడుతుంది. దీనికి భయపడే అవసరం ఇప్పుడు అంతగా లేదు. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి కోత పడటానికి కనీసం 24 గంటల ముందు కబురు రావాలి, పరిమితి దాటిన మొత్తమైతే మళ్లీ మన అనుమతి కావాలి. ఆ పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. మన శాంపిల్ పెట్టె ఆ దరిదాపుల్లోకి రాదు కాబట్టి, అడక్కుండానే డబ్బు పోతుంది. ఆ ముందు రోజు వచ్చే మెసేజీ ఒక్కటే మనకు కాపలా. అది బ్యాంకు ఆఫర్ల మెసేజీల మధ్య పడిపోయే రకం. నేను ఫోన్ క్యాలెండర్లో తేదీ వేసుకున్నాను.

మొదటి పెట్టె వచ్చిన రోజు డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి, "మేడం, రామాలయం పక్క సందు అని ఉంది, ఏ రామాలయం?" అన్నాడు. మా పేటలో రెండున్నాయి మరి. పెట్టె చూసి మా అత్తయ్యగారు స్వీట్లనుకున్నారు. నిజానికి అలాగే ఉంటుంది: మెరిసే అట్టపెట్టె, లోపల గులాబీ రంగు పల్చటి కాగితం, కాగితపు పేలికలు, మధ్యలో సామాను, పైన ఒక కార్డు. ఇలాంటి పెట్టెలు తెరిచే వీడియోలు కోకొల్లలుగా ఉన్నాయి కాబట్టి ఆ ముచ్చట ఇక్కడ వదిలేస్తున్నాను. తెరిచేటప్పుడు బావుంటుంది, కాదనను.

లోపల: పెద్ద సైజు కాజల్ ఒకటి, 10 గ్రాముల సన్‌స్క్రీన్, ఒక లిప్‌స్టిక్, ముఖానికి చుక్కలుగా రాసుకునే సీరం 2 ఎం.ఎల్. ప్యాకెట్టు, ముఖానికి తడిగా అతికించుకునే షీటు మాస్కు, రెండు షాంపూ ప్యాకెట్లు, ఒక కూపను.

షాంపూ ప్యాకెట్లు చూసి మా అత్తయ్యగారు గట్టిగానే నవ్వారు. "ఇవి మన సుబ్బయ్య కొట్లో దండలుగా వేలాడుతుంటాయిగా అమ్మాయ్, వీటికి డబ్బు కట్టావా?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. చిన్న ప్యాకెట్టుతో అలవాటు చేసే విద్య మనకు న్యూయార్క్ వాళ్లు నేర్పక్కర్లేదు. కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూని చిన్న ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెడితే, ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో సొంతంగా కంపెనీ పెట్టి చిక్ షాంపూని పల్లెపల్లెకీ చేర్చాడు. కుంకుడుకాయలు కొట్టుకునే ఇళ్లలోకి షాంపూ వచ్చింది సీసాతో కాదు, ప్యాకెట్టుతో. తేడా ఏమిటంటే, ఆ ప్యాకెట్టు కావాలనుకున్నవాళ్లు కావాలనుకున్న రోజున కొన్నారు. నాకు వచ్చినవి మాత్రం రంగు వేసిన జుట్టు కోసం చేసిన షాంపూ. ప్రశ్నావళిలో తలకు రంగు వేయనని నొక్కింది నేనే.

ఇక కార్డు. ఒక్కో వస్తువు పేరు, ఎదురుగా విలువ, కింద మొత్తం: కట్టినదానికి రెండున్నర రెట్లు పైమాటే. అది చూసేసరికి నాలోని గుమస్తా లేచాడు. పుస్తకం తీసి మళ్లీ కూడాను. సీరం పెద్ద సీసా 30 ఎం.ఎల్. ధర 599. అంటే ఎం.ఎల్. దాదాపు 20 రూపాయలు. ఇప్పుడు పెద్ద ప్యాకుల మీద ఒక్కో ఎం.ఎల్.కి ఎంతో కూడా అచ్చు వేస్తున్నారు, చూసుకోవచ్చు. ఆ లెక్కన 2 ఎం.ఎల్. ప్యాకెట్టు 40 రూపాయలు. కార్డు మీద 99. ప్యాకెట్టు మీదేమో అమ్మకానికి కాదని ముద్ర! అమ్మనిదానికి ధర ఎక్కడిది? లిప్‌స్టిక్‌కి పూర్తి ఎమ్మార్పీ వేశారు, అదే లిప్‌స్టిక్ ఆన్‌లైన్‌లో ఏడాది పొడుగునా సగం ధరకే ఉంటుంది. అన్నిటికన్నా నాకు మండింది కూపను. ఇంకో కంపెనీలో 999 రూపాయలకు కొంటే 200 తగ్గిస్తామనే కాగితం ముక్క. దాన్ని కూడా 200 రూపాయల వస్తువుగా మొత్తంలో కలిపేశారు. మా ఆఫీసులో ఎవరైనా క్లయింటు ఇలా ఆస్తుల పట్టీ తెస్తే మా సారు కళ్లజోడు తీసి చూస్తారు.

నా పద్ధతిలో కూడితే, బయట నిజంగా దొరికే ధరలు వేసి, కూపను కొట్టేసి, కట్టిన దానికన్నా కాస్త ఎక్కువే వచ్చింది. నష్టం లేదు. కొన్ని నెలలు బాగా ఎక్కువ, కొన్ని నెలలు బొటాబొటి. కాజల్, లిప్‌స్టిక్ లాంటివి పూర్తి సైజులో వచ్చిన నెల గిట్టుబాటు, అన్నీ ప్యాకెట్లే వచ్చిన నెల దండగ. అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. నేను ఎన్నడూ కొనని వస్తువు ఎంత చౌకగా వచ్చినా నాకది మిగులు కాదు. షీటు మాస్కు ఖరీదు వంద రూపాయలైనా, అది వేసుకుని పావుగంట దెయ్యంలా పడుకునే తీరిక నాకు లేదు. మా అమ్మాయికి ఇచ్చేశాను. తను డిగ్రీ చదువుతోంది, దానికి తీరికే తీరిక.

లెక్కల కన్నా ముఖ్యమైనది వాడకం. శాంపిల్ ఇచ్చేది ఎందుకు? కొనే ముందు తేల్చుకోమని. మరి ఏది ఎంతలో తేలుతుంది? వాడుతూ పోయేకొద్దీ నాకు స్పష్టమైంది ఇదే. లిప్‌స్టిక్ నిమిషంలో తేలిపోతుంది. రంగు నప్పిందా లేదా, పెదాలు పగులుతున్నాయా, కాఫీ తాగితే కప్పుకి అంటుతోందా. కాజల్‌కి ఒక మధ్యాహ్నం చాలు. పెళ్లికి పోయి, జనంలో చెమటలు కక్కి, భోజనాలయ్యాక అద్దం చూసుకుంటే కళ్ల కింద సంగతి తెలుస్తుంది. సెంటుకి ఒక పూట. వీటికి శాంపిల్ పెట్టె నిజంగా గొప్పది. ఇటుక రంగు లిప్‌స్టిక్ నా అంతట నేను జన్మలో ఎంచేదాన్ని కాదు, గులాబీ రంగు దాటి ఎన్నడూ పోలేదు. పెట్టెలో వచ్చింది కాబట్టి వేసి చూశాను. ఆఫీసులో అందరూ ఎక్కడ కొన్నావని అడిగారు. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

సన్‌స్క్రీన్ ఇంకాస్త పెద్ద పరీక్ష. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెబుతూ డబ్బా మీద రాసే ఎస్.పి.ఎఫ్. అంకె ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల మందాన పూసి లెక్కగట్టింది. అంత మందం ముఖానికీ మెడకీ రావాలంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండాలని చర్మవైద్యులు చెబుతారు. అలా సరిగ్గా రాసుకుంటే 10 గ్రాముల ట్యూబు వారం కాస్త అటూ ఇటూ వస్తుంది. ఆ వారం చాలు. మిట్టమధ్యాహ్నం బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర స్కూటీ మీద నిలబడినప్పుడు చెమటతో కరిగి కళ్లలోకి దిగి మండుతుందా, మన రంగు మీద తెల్లగా పిండి రాసినట్టు తేలుతుందా, పౌడరు కొడితే ముద్దలు కడుతుందా, అన్నీ బయటపడతాయి. పెద్ద ట్యూబులు కొని మూలన పడేసిన సన్‌స్క్రీన్లు మా ఇంట్లో ఉన్నాయి కాబట్టి దీని విలువ నాకు తెలుసు. పెట్టెల్లో వచ్చిన వాటిలో ఒక్కటే నా పరీక్షలో నెగ్గింది. జెల్ రకం, వాసన లేనిది.

సీరం దగ్గరికొచ్చేసరికి మొత్తం తిరగబడుతుంది. మచ్చలు తగ్గిస్తాం, ముఖం తేటపరుస్తాం అనేవాటి మీదే ప్రకటనలు ఎక్కువ, పెట్టెలో వాటి ప్యాకెట్లే ఎక్కువ. చర్మం పైపొర పాతది పోయి కొత్తది రావడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు మీదపడేకొద్దీ ఇంకా ఎక్కువ. మచ్చలు తగ్గడానికి సీరంలో కలిపే నియాసినమైడ్ లాంటిది పనిచేసిందో లేదో చెప్పాలంటే రెండు నెలలైనా వాడాలి, ముడతలకు వాడే రెటినాల్ అయితే ఇంకా నిదానం. ఇప్పుడు ప్యాకెట్టు లెక్క చూడండి. ఎం.ఎల్.కి సుమారు 20 చుక్కలు. 2 ఎం.ఎల్. అంటే 40. రోజుకు మూడు చుక్కలు రాస్తే రెండు వారాలు కూడా రాదు. అదీ చించిన ప్యాకెట్టుకి క్లిప్పు పెట్టి ఫ్రిజ్‌లో దాచుకుంటే. విటమిన్ సి రకమైతే గాలి తగిలాక రంగు మారడం మొదలుపెడుతుంది. దాని ఫలితం తేలేలోగా అదే అయిపోతుందంటే అది శాంపిల్ కాదు, డబ్బిచ్చి తెప్పించుకున్న ప్రకటన. జిగురుగా ఉందా, వాసన బాగుందా అన్నంతవరకే చెప్పగలం. జుట్టు రాలడం ఆపే నూనె 10 ఎం.ఎల్. వచ్చింది ఒకసారి. నా జడకి ఒక్క తలంటుకే సరిపోలేదు.

పడుతుందా పడదా అన్నది మాత్రం చిన్న ప్యాకెట్టుతోనూ తేల్చుకోవచ్చు. కొత్తది ఏదొచ్చినా చెవి వెనకో మోచేతి లోపలో కాస్త రాసి ఒకటి రెండు రోజులు ఆగేదాన్ని. ఒక్కసారి ఒక్కటే. పెట్టె వచ్చిన రాత్రే అన్నీ వరసగా ముఖానికి పట్టించేస్తే, పొద్దున దురద వస్తే ఎవరి మీద కేసు పెడతాం? మంచి సువాసన వేసే ఒక నైట్ క్రీము చెవి వెనకే ఎర్రగా చేసింది. ముఖం దాకా రానివ్వకుండా అక్కడితో ఆపేశాను. ఎందుకు పడలేదో చూద్దామంటే ట్యూబు మీద ఏమేం కలిపారో లేదు. అది వాళ్ల తప్పు కూడా కాదు, మన దేశంలో 60 ఎం.ఎల్. లోపు ద్రవాలకు, 30 గ్రాముల లోపు క్రీములకు ఆ జాబితా వేయకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి. అంటే శాంపిళ్లలో దాదాపు అన్నీ ఆ మినహాయింపు కిందికే వస్తాయి. పెద్ద డబ్బా ఫోటో ఆన్‌లైన్‌లో వెతికి, పెద్దది చేసి చదువుకోవడమే దారి. ఒంటికి పడనివి ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు అది చదవకుండా ఏదీ రాసుకోకపోవడం మంచిది. రెటినాల్ లాంటివి గర్భిణులు వాడకూడదని వైద్యులే చెబుతారు.

తేదీలు కూడా చూడాలి. రెండు మూడు నెలల్లో గడువు తీరిపోయే మాయిశ్చరైజర్ ఒకసారి వచ్చింది. పెట్టెల్లోకి వచ్చే సరుకులో కొంత ఇలా త్వరగా వదిలించుకోవాల్సినదే ఉంటుందని నా అనుమానం. గడువు తేదీ వేరు, మూత తీశాక ఎంతకాలం అన్నది వేరు. మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6ఎం అనో 12ఎం అనో ఉంటుంది చూడండి, అది తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు. కాజల్, మస్కారా లాంటి కళ్లకు పెట్టేవాటికి నేనిది కచ్చితంగా పాటిస్తాను. "మా సున్నిపిండికి ఏ బొమ్మా ఉండేది కాదు" అని అత్తయ్యగారి వ్యాఖ్య. పురుగు పట్టిన సున్నిపిండి మా ఇంట్లో నేను పారబోయలేదా ఏంటి!

ఎండాకాలం వచ్చింది. మన ఊరి ఎండ సంగతి చెప్పేదేముంది. లిప్‌స్టిక్ కరిగి, మూతలోకి కారి, మళ్లీ అక్కడే గడ్డకట్టి వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోటో పంపితే, పెట్టె తెరుస్తూ తీసిన వీడియో ఉందా అన్నారు. క్రీము పెట్టె తెరుస్తూ వీడియో ఎవరు తీస్తారు? తీసేవాళ్లున్నారు, నేను కాదు. వీడియో లేకపోతే మార్చడం కుదరదన్నారు. నియమాల పేజీలో చిన్న అక్షరాల్లో ఆ ముక్క ఉందట. ఆ తర్వాత మా అమ్మాయి చేత ఫోన్ పట్టించి, కోర్టులో సాక్ష్యంలా పెట్టె నాలుగు వైపులా చూపించి మరీ తెరిచేదాన్ని. అప్పటి నుంచి ఒక్కటీ కరిగి రాలేదు, అదో విచిత్రం.

మా ఆఫీసులో ఇంకో అమ్మాయి కూడా చేరింది. తనది పూర్తిగా పొడి చర్మం, నాది జిడ్డు. ఇద్దరికీ ఒకే నెలలో ఒకే ఫేస్‌వాష్ వచ్చింది, జిడ్డు తీసేసే రకం. "అక్కా, ఇది కడుక్కుంటే నా ముఖం అప్పడంలా అయిపోయింది" అని మొత్తుకుంది. అప్పుడు ఇద్దరం కూర్చుని పెట్టెలు పోల్చి చూస్తే, లిప్‌స్టిక్ రంగు తప్ప మిగతావన్నీ ఒకటే. ప్రశ్నావళి నింపిన శ్రమంతా ఆ ఒక్క రంగు కోసమన్నమాట. ఆలోచిస్తే కారణం కష్టమేమీ కాదు. బ్రాండ్లు ఒక నెలకు ఒక సరుకు గంపగుత్తగా ఇస్తాయి, అది ఎవరికో ఒకరికి పోవాలి. నెలాఖరున అభిప్రాయం రాయమని పంపే ఫారాలు మాత్రం మనిషి మనిషికీ వేరుగా, ఓపికగా అడుగుతాయి: నచ్చిందా, ఎంత ధరకైతే కొంటారు, ఇప్పుడు ఏ బ్రాండు వాడుతున్నారు, ఎందుకు మార్చరు. రాస్తే పాయింట్లు. ఇద్దరం నిజాయితీగానే రాసేవాళ్లం, మార్కెట్ సర్వేకి కూలి ఇచ్చినట్టేగా.

మానేయాలని అనుకున్నది ఏదో ఒక పెట్టె మీద కోపంతో కాదు. బాత్‌రూం అరలో సగం వాడిన ట్యూబులు పేరుకుపోయాయి, ఒక్కోటి రెండు రోజులకు వచ్చేంత. తిరుపతి ప్రయాణానికి కొన్ని పనికొచ్చాయి, చుట్టాలొచ్చినప్పుడు కొన్ని. మిగతావి గడువు చూసుకుని పారేయాల్సి వచ్చింది. అంత చిన్న ప్లాస్టిక్ ట్యూబులు పాత సామాన్లవాడు కూడా తీసుకోడు.

చేరడానికి రెండు నిమిషాలు పట్టింది. మానడానికి బటన్ కనపడలేదు. ఖాతా, సెట్టింగులు, నా ప్లాను, సహాయం, తరచూ అడిగే ప్రశ్నలు, అన్నీ తిరిగితే చివరికి ఒక ఫోన్ నంబరు, అదీ ఆఫీసు వేళల్లో మాత్రమే. ఫోన్ చేస్తే, "వచ్చే నెల బాక్స్ చాలా స్పెషల్ మేడం, ఒక నెల ఆపుకోండి, క్యాన్సిల్ వద్దు" అని బతిమాలాట. ఇలా చేరడం తేలిక, బయటపడటం కష్టం చేయడాన్ని చందా ఉచ్చుగా లెక్కగట్టి, కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లో నిషేధించింది. అలాంటి 13 మాయల పట్టీలో ఇదొకటి. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. నేను ఆ మాట ఎత్తేసరికి అవతలి అమ్మాయి గొంతు మారింది, రిక్వెస్టు పెడతానంది. పాపం తన తప్పేముంది, తనకిచ్చిన కాగితం చదువుతోంది.

దాని కోసం ఆగకుండా నా వైపు నుంచి కూడా తాళం వేశాను. యూపీఐ యాప్‌లోనే ఆటోపే అని ఒక విభాగం ఉంటుంది. అందులో మనం అనుమతిచ్చినవన్నీ వరసగా కనపడతాయి, ఒక్కోదాన్ని అక్కడే ఆపేయొచ్చు, రద్దు చేయొచ్చు. పిన్ కొడితే అయిపోతుంది, కంపెనీవాళ్లను అడగక్కర్లేదు. కార్డు మీద పెట్టినవాళ్లకు బ్యాంకు సైట్లోనే ఇలాంటి ఏర్పాటు ఉంటుంది. చందా రద్దు, ఆటోపే రద్దు రెండూ వేరువేరు పనులు, రెండూ చేయాలి. ముందే డబ్బు కట్టేసినవాళ్లకు మాత్రం ఈ దారి లేదు. నెలదే తీసుకోమని నేను చెప్పేది ఇందుకే.

ఇప్పుడు కొత్తది ఏదైనా చూడాలనిపిస్తే బీసెంట్ రోడ్డుకి వెళ్తాను. లిప్‌స్టిక్ అయితే కొట్టు అమ్మాయే ముంజేతి మీద గీసి చూపిస్తుంది, బయటికొచ్చి ఎండలో చూసుకోవచ్చు. సన్‌స్క్రీన్లకి, ఫేస్‌వాష్‌లకి చాలా బ్రాండ్లు మినీ సైజులు విడిగానే అమ్ముతున్నాయి, నాకు కావాల్సిన ఒక్కటే కొనుక్కుంటాను. సీరం మాత్రం పెద్ద సీసాయే, అదీ డాక్టరు గారు రాస్తేనే. పెళ్లి కుదిరిన పిల్లలకి, కొత్తగా ఉద్యోగంలో చేరి మేకప్ నేర్చుకుంటున్నవాళ్లకి రెండు మూడు నెలలు ఈ పెట్టె తెప్పించుకోమనే చెబుతాను. ఏ రంగులు నప్పుతాయో చవగ్గా తెలుస్తుంది, సరదా కూడా.

పాయింట్లు మిగిలాయి కదా, వాటితో నా కాజల్ తెప్పించుకుందామని చూశాను. 250 రూపాయల పాయింట్లు వాడాలంటే కనీసం 599కి కొనాలి, డెలివరీ చార్జీ అదనం. అదే కాజల్ బీసెంట్ రోడ్డులో 180. వదిలేశాను. అన్నట్టు, ఆ ఆటోపే జాబితాలో మా అబ్బాయి ఎప్పుడో నా ఫోన్లో పెట్టుకుని మర్చిపోయిన పాటల యాప్ ఒకటి, నేను ఒక్క సీరియల్ కోసం తీసుకున్న ఓటీటీ ఒకటి బయటపడ్డాయి. అవీ తీసేశాను.